మన ఆడవాళ్ళకు అవేమీ ఉండవు అనే మాట గురించి

ఏటా అక్టోబరు 18న జరిపే ప్రపంచ మెనోపాజ్ దినం సందర్భంగా అనంతపురంలో ఏర్పాటైన ఒక చిన్న సభకు మా కాలేజీ నుంచి కొందరం అధ్యాపకురాళ్ళం వెళ్ళాం. బెంగళూరు నుంచి వచ్చిన డాక్టరమ్మ ముట్లు ఆగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి, హార్మోన్ చికిత్స గురించి, ఉద్యోగం చేసే స్త్రీలకు దొరకవలసిన సెలవుల గురించి ఓపికగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. ప్రశ్నల సమయంలో రిటైరైన ఒక పెద్దావిడ లేచి, "ఇవన్నీ ఫ్యాన్ల కింద కూర్చుని పనిచేసేవాళ్ళకమ్మా. మా పల్లెల్లో పొద్దంతా చేన్లో వంగి పనిచేసే ఆడవాళ్ళకు ఇట్లాంటివేమీ ఉండవు. మా అమ్మకు లేవు, మా అవ్వకు లేవు" అన్నారు. హాల్లో చాలామంది తలలూపారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అది పూర్తిగా అబద్ధం కాకపోవడమే అందుకు కారణం. ముట్లు ఆగే దశ ఒక్కో సమాజంలో, ఒక్కో కులంలో, ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా గడుస్తుందన్నది నిజమే. కానీ ఆ నిజాన్ని పట్టుకుని "మనవాళ్ళకు ఏ బాధా లేదు" అని తేల్చేస్తే, ఈ దశను అందరికంటే ముందుగా, అందరికంటే కష్టంగా దాటుతున్న రాయలసీమ స్త్రీలు కనబడకుండా పోతారు. వాళ్ళు డాక్టరమ్మ ఉపన్యాసంలోనూ లేరు, పెద్దావిడ జవాబులోనూ లేరు. వాళ్ళు వయసు వచ్చి ముట్లు ఆగినవాళ్ళు కారు. ముప్పై, ముప్పై ఐదేళ్ళకే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు. మన జిల్లాల్లో మెనోపాజ్ గురించి ఎవరు ఏ ప్రయత్నం మొదలుపెట్టినా అది వాళ్ళతో మొదలుకావాలన్నది నా అభిప్రాయం.

తేడాలు ఎవరి మధ్య?

పెద్దావిడ మాటకు బలమిచ్చే పరిశోధనలు లేకపోలేదు. 1975లో మార్షా ఫ్లింట్ అనే మానవశాస్త్రవేత్త, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలో 483 మంది రాజపుత్ర స్త్రీలను అడిగి తెలుసుకున్న సంగతులను ప్రచురించారు. ముట్లు ఆగడం తప్ప వేరే ఇబ్బంది ఉందని చెప్పినవాళ్ళు వారిలో చాలా తక్కువ. అంతవరకు పరదా చాటున ఉన్న స్త్రీ ఆ వయసు దాటాక మగవాళ్ళు కూర్చునే చోటికి వచ్చి మాట్లాడగలుగుతుంది కాబట్టి, అక్కడ అది శిక్షలా కాక బహుమతిలా అనిపిస్తుందని ఆమె వాదించారు. 1980లలో జపాన్‌లో పనిచేసిన మార్గరెట్ లాక్, అక్కడి స్త్రీలు ఒంట్లోంచి ఉన్నట్టుండి ఎగసే వేడి ఆవిర్ల కంటే భుజాలు పట్టేయడం గురించే ఎక్కువగా చెప్పారని గమనించారు. మెక్సికోలోని యుకటాన్ పల్లెల్లో మాయా స్త్రీలు తమకు ఆవిర్లు రానేరావని చెప్పారు. అమెరికాలో 1996లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన స్వాన్ అధ్యయనంలో, ఆవిర్లు, రాత్రి చెమటలు పట్టి ఉండే కాలం మొత్తం మీద చూస్తే ఏడేళ్ళు దాటగా, నల్లజాతి స్త్రీలలో అది పదేళ్ళ దాకా సాగింది. జపాన్ మూలాల స్త్రీలలో ఐదేళ్ళ లోపే ముగిసింది. ఒకే దేశంలో ఉంటున్నవాళ్ళ మధ్యనే ఇంత తేడా ఉందన్నమాట.

ఇవి చదివినప్పుడు నాకు మొదట సంతోషమే కలిగింది. ఆడవాళ్ళ శరీరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయన్న వైద్యపుస్తకాల ధోరణికి ఇవి గట్టి జవాబు. కానీ మన వైపు తిరిగి చూసేసరికి అనుమానాలు మొదలయ్యాయి. ఫ్లింట్ మాట్లాడిన స్త్రీలు పరదా పాటించే కులానికి చెందినవాళ్ళు. వాళ్ళకు ఆ వయసులో చేతికి వచ్చేది ఏదో ఉంది. మా కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు బోయ, మాదిగ, లంబాడీ స్త్రీలు ఏనాడూ పరదాలో లేరు. పదేళ్ళ వయసు నుంచే చెనక్కాయ చేన్లలో కలుపు తీసినవాళ్ళకు నలభై ఏడేళ్ళకు కొత్తగా తెరుచుకునే తలుపేముంది? ఇంటిపెద్దగా అత్తరికం దక్కుతుందనుకుందామా అంటే, కొడుకూ కోడలూ బెంగళూరులో ఏ భవన నిర్మాణం దగ్గరో రేకుల షెడ్డులో ఉంటారు, మనవళ్ళు ఊళ్ళో ఈమె మీద ఉంటారు. వలసపోయిన ఇళ్ళలో ఈ వయసు స్త్రీకి పెద్దరికం రావడం అటుంచి, రెండోసారి పిల్లల్ని పెంచే పని మీద పడింది.

అలాగని ఎవరికీ ఏమీ దక్కదని కూడా నేను అనను. కడపలో నా స్నేహితురాలు ఒకామె ఉర్దూ బడిలో టీచరు. ముట్లు ఆగిన తర్వాత వచ్చిన మొదటి రంజాన్ గురించి ఆమె చెబుతున్నప్పుడు ముఖం వెలిగిపోయింది. అంతకు ముందు ప్రతి ఏడూ నెల మధ్యలో కొన్ని రోజాలు తప్పిపోయేవి, తర్వాత వాటిని ఖజా చేసుకుంటూ ఒంటరిగా ఉపవాసం ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు నెలంతా అందరితో కలిసి ఉండగలుగుతోంది, ఒక్క పూట నమాజు కూడా తప్పడం లేదు. మా అత్తగారికి దేవర (ఊరి దేవత జాతర) పనుల్లో ముందు నిలబడే అర్హత ఆ తర్వాతే వచ్చింది. అప్పటి నుంచి ఊళ్ళో ఏ దేవర జరిగినా పిలుపు ఆమెకే. మా వీధిలో ఒకావిడ యాభై దాటే దాకా ఎదురుచూసి శబరిమలకు వెళ్ళి వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు. నెలసరి చుట్టూ ఉన్న అంటుముట్టుల కట్టుబాట్లు నాకు నచ్చకపోయినా, అవి తొలగిపోయినప్పుడు ఆ స్త్రీకి కలిగే తేలికను నేను తక్కువ చేయలేను.

అయితే అదే కడప స్నేహితురాలు, అదే సంభాషణలో, సహర్‌కు, అంటే తెల్లవారకముందు తినే భోజనానికి, ఎవరూ లేపక్కర్లేదని, రెండు గంటలకే అరచేతులు, అరికాళ్ళు మండిపోయి తనే లేచి కూర్చుంటానని కూడా చెప్పింది. సంతోషమూ ఉంది, మంటా ఉంది. మనం ఒకటి విని రెండోది రాసుకోకపోతే "వాళ్ళ సంస్కృతిలో ఇది సుఖంగా గడిచిపోతుంది" అని రాయడం చాలా సులభం.

అడిగే తీరు కూడా ఉంది. ఉరవకొండ వైపు ఒక ఊళ్ళో మా ఎన్.ఎస్.ఎస్. విద్యార్థినులతో శిబిరం పెట్టినప్పుడు, పక్కనే కరువు పని (ఉపాధి హామీ పనికి మా వైపు పేరు) జరుగుతుంటే చూడబోయాం. చెరువులో పూడిక తీస్తున్నారు. నలభై ఎనిమిది, నలభై తొమ్మిదేళ్ళ స్త్రీ ఒకామె ఉన్నట్టుండి గంప దించి, తలకు చుట్టుకున్న టవలు తీసి, బిందెలో ముంచి, పిండకుండానే మెడ వెనక రవిక లోపలికి తోసుకుంది. నీళ్ళు వీపు మీదుగా కారుతుంటే కళ్ళు మూసుకుని నిలబడింది. ఎండదెబ్బేమోనని మా పిల్లలు కంగారుపడ్డారు. పక్కనున్న ఆమె, "ఎండకు కాదు మేడమ్, ఆ యమ్మకు ఉడుకు లోపల్నుంచి వస్తాది. ఈ నడుమ రోజూ ఇంతే" అంది. సర్వే కాగితం పట్టుకుని "మీకు వేడి ఆవిర్లు వస్తాయా?" అని అడిగితే ఆమె లేదనే చెప్పి ఉండేది. ఏప్రిల్ నెలలో నలభై డిగ్రీలు దాటే అనంతపురంలో ఎండ వేడి ఏదో, ఒంటి వేడి ఏదో బయటివాళ్ళకు ఎలా తెలుస్తుంది? రాత్రిళ్ళు ఇంట్లో పడుకోగలుగుతున్నావా అని నేను అడిగాను. రెండేళ్ళుగా చలికాలంలో కూడా బయట అరుగు మీదే పడుకుంటున్నానని చెప్పింది.

కాసేపు కూర్చోమంటే ఆమె ఒప్పుకోలేదు. కారణం సిగ్గు కాదు, కొలత. ఆ పనిలో కూలీ లెక్క మనిషికి కట్టేది కాదు. కూలీల సంఘం మొత్తం తవ్విన మట్టిని కొలిచి, వచ్చిన డబ్బును అందరికీ పంచుతారు. ఈమె అరగంట కూర్చుంటే మిగతావాళ్ళ కూలి తగ్గుతుంది. పని ప్రదేశంలో నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స ఉండాలని ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ ప్రారంభించింది ఈ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ చెరువు దగ్గర మాత్రం నీడ అంటే ఒక తుమ్మచెట్టు.

ముప్పై నాలుగేళ్ళకే

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపు గురించి విడిగా అడగడం 2015–16 నాటి నాలుగో విడతలో మొదలైంది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మూడు శాతం చిల్లర ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం తేలారు. 2019–21 నాటి ఐదో విడతలోనూ మన రాష్ట్రం దాదాపు అక్కడే ఉంది. ఈ లెక్కలో పదిహేనేళ్ళ పిల్లలు కూడా కలిసి ఉన్నారు కాబట్టి నలభై దాటినవాళ్ళను విడదీసి చూస్తే ఆ శాతం ఇంకా ఎంతో పెరుగుతుంది. ఆపరేషన్ నాటి వయసు ఎక్కువమందికి ముప్పైల మధ్యలో ఉంది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. సహజంగా ముట్లు ఆగే వయసు మన దేశంలో సగటున 46–47 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఉంటుంది. అక్కడికీ ఇక్కడికీ ఉన్న ఆ నాలుగైదేళ్ళ తేడా గురించి సభల్లో చర్చిస్తాం. మన ఇళ్ళల్లో కత్తితో వచ్చిన పన్నెండు, పదమూడేళ్ళ తేడా గురించి చర్చించం.

మా పెదనాన్న కోడలు, నాకు వదిన వరస, ముప్పై నాలుగేళ్ళకు గర్భసంచి తీయించుకుంది. తెల్లబట్ట, నడుంనొప్పి అని ఒక పట్నంలోని నర్సింగ్ హోమ్‌కు వెళ్తే, స్కానింగ్ తీసి, ఇట్లాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని చెప్పారట. పిల్లలు పుట్టి, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది కదా, ఇంక ఆ సంచితో పనేముందని అన్నారట. చెవి కమ్మలు కుదువబెట్టి చేయించుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ట్రంకు పెట్టెలో పొలం పాసుపుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచిన డిశ్చార్జి కాగితం తీసి నాకు చూపించింది. అంచులు పసుపు రంగుకు తిరిగిన ఆ కాగితంలో ఇంగ్లీషులో, గొలుసుకట్టు రాతలో ఒక వరస ఉంది: రెండు అండాశయాలు కూడా తీసివేశారు. ఆ మాట చెప్పేసరికి వదిన కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అవి కూడానా? అవి పోతే ఏమైతాది?" అని అడిగింది.

ఏమవుతుందో ఆమె శరీరం అప్పటికే చెబుతూ ఉంది. అండాశయాలు తీసేస్తే హార్మోన్ క్రమంగా తగ్గడమంటూ ఉండదు, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆపరేషనైన కొన్ని వారాలకే మొదలైన రాత్రి చెమటలను ఆమె "మందుల వేడి" అనుకుని మజ్జిగ తాగుతూ గడిపింది. నలభై రెండేళ్ళకు పశువుల కొట్టంలో జారి చెయ్యి ఆనించుకుంటే మణికట్టు విరిగింది. చిన్న వయసులో ఇలా హార్మోన్ ఆగిపోయినవాళ్ళకు ఎముకలు పలచబడటం, గుండెజబ్బుల ముప్పు పెరగడం వైద్యులందరికీ తెలిసిన విషయాలే. అండాశయాలను ఉంచి గర్భసంచి మాత్రమే తీసినా, అవి మామూలు కంటే ముందుగా పనిచేయడం మానేసే అవకాశం ఎక్కువ. మన ఊళ్ళలో రాగి సంగటి పోయి మూడు పూటలా రేషన్ బియ్యం వచ్చాక తిండిలో కాల్షియం ఎంత తగ్గిందో వేరే చెప్పాలా? వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉండే కాల్షియం, బియ్యంలో దాదాపు లేనట్టే. పైగా ఈ జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి, ఎవరికి ఏ ఎముక నొప్పి వచ్చినా నెపం నీళ్ళ మీదికి పోతుంది.

ఇక్కడ ఒక విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతుంది. హార్మోన్ చికిత్స అంటే 2002లో అమెరికా అధ్యయనం ఒకటి ముప్పు కనబడి మధ్యలో ఆగిపోయినప్పటి నుంచి భయం పట్టుకుంది. ఎవరికి మేలు, ఎవరికి ముప్పు అన్నది వయసును, ఆరోగ్యాన్ని బట్టి ఉంటుందని తర్వాత తేలింది. యాభై ఏళ్ళకు సహజంగా ముట్లు ఆగినవాళ్ళ విషయంలో వాడాలా వద్దా అన్నది డాక్టరూ ఆమే కలిసి తేల్చుకోవలసిన సంగతి. కానీ నలభై ఐదుకు ముందే అండాశయాలు కోల్పోయినవాళ్ళకు, వాడకూడని జబ్బు ఏదైనా ఉంటే తప్ప, సహజంగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వాలన్నదే వైద్య మార్గదర్శకాల మాట. అంటే ఆ చికిత్స అందరికంటే ఎక్కువగా కావలసింది మా వదిన లాంటివాళ్ళకు. దాని గురించి వింటున్నది మాత్రం సభల్లో కూర్చున్న మాలాంటివాళ్ళం.

"నాకు మేలే జరిగింది" అన్నప్పుడు

నా వాదానికి అడ్డొచ్చే మాట మా వదినే అంది. "ఏమైనా చెప్పు వదినా, నెలనెలా ఆ గోల తప్పింది. పనికి పోతాండాను, బయటుండే పని లేదు. నాకు మేలే జరిగింది." దీన్ని తెలియనితనం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మరుగుదొడ్డి లేని చేన్లో, నీళ్ళు మోసుకు తెచ్చుకునే ఇంట్లో, గుడ్డలు ఎవరికీ కనబడకుండా ఆరబెట్టుకునే చోట ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి ఆ మాట అంటోంది. ఆడవాళ్ళు తామే వచ్చి గర్భసంచి తీసేయమని అడుగుతారని డాక్టర్లు చెప్పేది కూడా అబద్ధం కాదు.

కానీ అడగడం వెనక ఏముందో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చూపించింది. చెరకు కోతకు వెళ్ళే స్త్రీలు అక్కడ గుంపులు గుంపులుగా గర్భసంచులు తీయించుకున్నారని 2019లో బయటపడింది. ప్రభుత్వం సర్వే చేసిన 82 వేలకు పైగా స్త్రీలలో 13 వేలమందికి పైగా ఆ ఆపరేషన్ అయి ఉంది. ఒక రోజు పని మానితే ముకద్దం (కూలీలను కుదిర్చే మేస్త్రీ) జరిమానా వేస్తాడు కాబట్టి, నెలసరి నొప్పి వాళ్ళకు ఆరోగ్య సమస్యగా కాక అప్పు సమస్యగా ఎదురైంది. మన చెరువు పనిలో కొలత, అక్కడి కోతలో జరిమానా, రెండింటి లెక్కా ఒకటే. అలాంటి చోట "నేనే కోరుకున్నాను" అన్న మాట నిజమే. ఆ కోరిక మరో దారి లేనిచోట పుట్టిందన్నదీ అంతే నిజం. మా వదినకు తెల్లబట్టకు మందులు వాడి చూద్దామని ఒక్క డాక్టరైనా చెప్పి ఉంటే, అండాశయాలు తీస్తున్నామని ముందుగా చెప్పి ఉంటే, అప్పుడు ఆమె మేలు జరిగిందంటే నేను ఇంకేమీ మాట్లాడను.

రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన ఒకామె కథ ఇంకో రకం. నలభై ఆరేళ్ళ వయసులో, అక్కడ ఉండగా, నెలలు తప్పి తప్పి వచ్చే ముట్టు, వచ్చినప్పుడల్లా ఆగకుండా పోయేదట. యజమానురాలికి చెబితే జబ్బుమనిషని తిప్పి పంపుతుందేమోనని భయం. వీసాకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. రాత్రి ఫోనులో అక్కకు చెప్పుకుని ఏడ్చేది. ఇంటి పనివాళ్ళకు వారానికొక రోజు విశ్రాంతి, ఏడాదికి నెల రోజుల సెలవు ఉండాలని కువైట్ 2015లోనే చట్టం చేసింది. ఆమెకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

లండన్ నుంచి ఏం తెచ్చుకోవాలి

ఇంగ్లండులో ఈ పదేళ్ళలో జరిగిన ఉద్యమాన్ని నేను గౌరవంతో చూస్తాను. కరోలిన్ హ్యారిస్ లాంటి పార్లమెంటు సభ్యుల ఒత్తిడితో 2023 ఏప్రిల్ నుంచి అక్కడ హార్మోన్ మందులకు ఏడాది మొత్తానికి కలిపి చిన్న రుసుము కడితే చాలునన్న ఏర్పాటు వచ్చింది. ఉద్యోగం చేసేచోట మెనోపాజ్ సెలవును ప్రయోగాత్మకంగా పెట్టి చూడాలని 2022లో పార్లమెంటు కమిటీ సూచిస్తే, మరుసటి జనవరిలో ప్రభుత్వం కాదంది. అయినా అక్కడి స్త్రీలు వెనక్కి తగ్గలేదు. మన దేశంలోనూ నెలసరి సెలవు మీద వాదం నడుస్తోంది. అలాంటి సెలవు తప్పనిసరి చేస్తే ఆడవాళ్ళకు ఉద్యోగాలు ఇవ్వరేమోనని సుప్రీంకోర్టు 2024లో సందేహం వెలిబుచ్చింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం నెలకో రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. పాఠం చెబుతుండగా చెమటలు కమ్మి, చెప్పబోయే మాట గొంతులోనే పోయిన రోజులు నాకూ ఉన్నాయి కాబట్టి, అలాంటి సెలవు వస్తే నేను వాడుకుంటాను, వాడుకోమని తోటివాళ్ళకూ చెబుతాను.

కానీ సెలవు అనేది నెల జీతం ఉన్నవాళ్ళ భాష. కొలతకు పనిచేసే స్త్రీకి సెలవు ఇచ్చేదెవరు? ఇంగ్లండులో మాటలు మొదలైన చోటు నుంచే మనమూ మొదలుపెడితే, ఈ ఉద్యమం అనంతపురం టౌన్ దాటదు. పెద్దావిడ మాటకు హాలు చప్పట్లు కొట్టడానికి మూలం అక్కడే ఉందని నా అనుమానం. తమ ఊరి స్త్రీల జీవితం ఆ ఉపన్యాసంలో ఎక్కడా వినబడక, ఆమె ఆ దూరాన్ని "మాకు ఇవి లేవు" అన్న మాటతో చెప్పింది.

నిజానికి మన దేశపు మెనోపాజ్ ఉద్యమం చాలా ముందే, వేరే పేరుతో మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో చిన్న వయసు స్త్రీలకు అవసరం లేకుండా జరిగిన గర్భసంచి ఆపరేషన్లను లెక్కగట్టి, గట్టిగా మాట్లాడారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, తర్వాత ప్రభుత్వమే ఆ పథకం కింద వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయవలసి వచ్చింది. రాజస్థాన్‌లో పనిచేసే డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పదేళ్ళకు, 2023 ఏప్రిల్ 5న, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వీటిలో ఏదీ మెనోపాజ్ పేరుతో జరగలేదు. అయినా ముప్పై నాలుగేళ్ళ స్త్రీ ముట్లు అకారణంగా ఆగిపోకుండా చూడటానికి జరిగిన పని ఇదే.

మన రాష్ట్రంలో ఈ వయసు స్త్రీలు రోడ్డెక్కలేదనీ కాదు. 2023 డిసెంబరు నుంచి అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు నలభై రెండు రోజులు సమ్మె చేశారు. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా కదల్లేదు. అనంతపురంలో ఆ శిబిరాల్లో కూర్చున్నవాళ్ళలో నలభై ఐదు దాటినవాళ్ళే ఎక్కువ కనిపించారు. జీతం, గ్రాట్యుటీ అడిగారు. తమ ఆరోగ్యం గురించి అడగలేదు. జీతమే సరిగా లేనివాళ్ళు ముందు దాన్నే అడుగుతారు, అందులో ఆశ్చర్యం లేదు. కానీ అంత సంఘబలం ఉన్నవాళ్ళ చేతిలోనే ప్రతి ఊరి బాలింతల, కిశోర బాలికల పుస్తకాలు ఉన్నాయి. ఈ ఆపరేషన్ల సంగతి ఎప్పటికైనా ఊరూరా నమోదైతే అది వాళ్ళ చేతుల మీదుగా, ఆశాల చేతుల మీదుగా జరుగుతుందని నా నమ్మకం.

గడి లేని ప్రశ్న

మా వదిన ఊరి ఏఎన్ఎంతో (ఊళ్ళో తిరిగే ప్రభుత్వ నర్సుతో) ఈ విషయం మాట్లాడాను. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించడం ఆమె పనిలో ఒక భాగం. గర్భసంచి ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు, అండాశయాలు ఉన్నాయా లేవా అని కూడా రాసుకోవచ్చు కదా అన్నాను. ఆమె నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళి, ఒక వీధిలో వరసగా ఇళ్ళు చూపిస్తూ, ఎవరెవరికి ఏ వయసులో అయిందో చూడకుండానే చెప్పింది. అన్నీ ఆమెకు తెలుసు. "రాయమంటే ఈ పొద్దే రాస్తా మేడమ్. దాన్ని పైకి పంపడానికి గడి లేదు" అంది. కాసేపాగి ఇంకో మాట అంది: "రాసినాక, రాత్రి ఉడుకు అంటే నేను ఏ మాత్ర ఇయ్యాల? నా సంచిలో ఐరన్, కాల్షియం, పారాసిటమాల్ ఉండాయి."

దేశవ్యాప్త సర్వే నలభై తొమ్మిదేళ్ళ దగ్గర ఆగిపోతుంది; గర్భిణి, బాలింత, కిశోర బాలిక కాని స్త్రీ ఏ రిజిస్టరులోనూ ప్రధానంగా ఉండదు. అయినా ఊరి ఏఎన్ఎంకు తెలిసిన సంగతి జిల్లా కేంద్రానికి తెలియకపోవడానికి పెద్ద పరిశోధన ఏమీ అవసరం లేదు, ఒక గడి కావాలి. ఆమె రెండో ప్రశ్నకు జవాబు కష్టమైనదే. హార్మోన్ మాత్రలు ఏఎన్ఎం సంచిలో పెట్టేవి కావు. ముందు పరీక్షలు జరగాలి, ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన డాక్టరు చూడాలి. మండలం నుంచి జిల్లా ఆసుపత్రికి ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చే స్త్రీకి అక్కడ గైనిక్ విభాగంలో కాన్పుల వరసలో నిలబడమంటే మళ్ళీ రాదు. వారంలో ఒక పూటైనా ఈ వయసువాళ్ళకు, ఆపరేషన్ అయినవాళ్ళకు విడిగా ఓపీ ఉండాలి.

వదిన ఉన్న పొదుపు సంఘంలో ఈ విషయం చర్చకు వచ్చాక, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకు ఇవ్వడానికి అర్జీ రాస్తున్నారు. ఏఎన్ఎం ట్యాబ్‌లో గర్భసంచి ఆపరేషన్ నమోదుకు గడి; జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఏ వయసువాళ్ళకు ఎన్ని ఆపరేషన్లు అయ్యాయో మూడు నెలలకోసారి బయటపెట్టడం; వారానికొక ఓపీ; కరువు పనిలో నలభై ఐదు దాటిన స్త్రీలకు కొలత తగ్గించడం. చివరిదాని మీద సంఘంలోనే తగాదా నడిచింది: పెద్దవాళ్ళ వంతు మట్టి ఎవరు తవ్వాలని చిన్నవాళ్ళు అడిగారు. ఆ తగ్గిన కొలతకు కూలీ ప్రభుత్వమే కట్టాలని, ఇతరుల కూలిలోంచి పోకూడదని రాయించి, ఆ వాక్యం కింద ముందుగా సంతకం చేసింది మా వదినే.